పులి - మేక - అంతరిక్ష నౌక

ఆ మధ్య ఒక పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన చూడటానికి వెళ్ళాను. వరండా చివర తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అట్టముక్క మీద గీసిన ఆట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట పేరు 'గ్రహాంతర సంగ్రామం'. ఒక పక్షానికి మూడు అంతరిక్ష నౌకలు, రెండో పక్షానికి పదిహేను మరమనుషులు. నౌక మరమనిషి మీదుగా దూకితే ఆ మరమనిషి చచ్చినట్టు. మరమనుషులందరూ చుట్టుముట్టి నౌకలకు కదిలే చోటు లేకుండా చేస్తే నౌకలు ఓడినట్టు.

పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి వచ్చి ఒక్క చూపు చూసి, "ఇది పులి-మేకే కదరా! కాపీ కొట్టావ్!" అనేసింది. అంతే, కుర్రాడి మొహం చిన్నబోయింది. అట్ట మడిచి సంచిలో పెట్టేశాడు.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అది పులి-మేకే. మీ ఊళ్ళో గుడి మెట్ల మీదో, రచ్చబండ మీదో ఆ గీతలు చెక్కి ఉండటం చూసే ఉంటారు. కానీ 'కాపీ' అనే ఒక్క మాటతో ఈ విషయం తేలిపోతుందా? వైజ్ఞానిక కల్పనలను, మంత్రతంత్రాల కథలను ఆధారం చేసుకుని ప్రపంచమంతటా కోట్లాది మంది ఆడుతున్న వ్యూహపు ఆటలున్నాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే, ఒక్కటి కూడా శూన్యంలోంచి ఊడిపడలేదని తెలుస్తుంది. మరి వాటిలో కొత్త ఏది? అరువు ఏది?

ముందు చదరంగం సంగతి చూద్దాం. మన దేశంలో పుట్టిన చతురంగం పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బులకు, వాళ్ళ ద్వారా యూరపుకు చేరింది. పాత ఆటలో మంత్రి బలహీనుడు. ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్దం చివర యూరపులో ఎవరో ఆ పావుకు ఎటు కావాలంటే అటు, ఎంత దూరమైనా వెళ్ళే శక్తి ఇచ్చారు. శకటు నడక కూడా అప్పుడే పొడుగయింది. బల్ల అదే, 64 గళ్ళు అవే, పావుల లెక్క అదే. అయినా ఆట తలకిందులయింది. అంతకు ముందు మెల్లగా, గంటల తరబడి కూడదీసుకునే పోరాటం, ఇప్పుడు నాలుగైదు ఎత్తుల్లో రాజుకు ముప్పు తెచ్చేదిగా మారింది. అక్కడివాళ్ళు ఆ పావును రాణి అన్నారు; మనం మాత్రం ఇప్పటికీ మంత్రి అనే అంటున్నాం. ఆ కొత్త నడక ఎవరి బుర్రలో పుట్టిందో పేరు నిలవలేదు.

తరువాత చదరంగాన్ని నిజమైన యుద్ధానికి దగ్గరగా తేవాలని కొందరికి తోచింది. హెల్‌విగ్ అనే జర్మన్ గణిత శాస్త్ర అధ్యాపకుడు 1780లో కొండలు, నదులు, అడవులు ఉన్న గళ్ళ బల్ల తయారు చేశాడు. రైస్విట్స్ అనే ప్రష్యా సైనికాధికారి 1824లో గళ్ళు తీసేసి పటం మీదే ఆడే 'క్రీగ్‌ష్పీల్' నియమాలు అచ్చు వేయించాడు. తండ్రి మొదలుపెట్టిన పనిని కొడుకు పూర్తి చేయడమన్నమాట. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో నేల మీద ఆడుకునే ఆటకు 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకమే రాశాడు. 'కాలయంత్రం' రాసిన వెల్సే! అంగారకుల దండయాత్ర గురించి 1898లోనే నవల రాసిన మనిషి, తన ఆటలోకి మాత్రం ఒక్క అంగారకుణ్ణి కూడా రానివ్వలేదు. నాకిది ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ పని చేయడానికి మరో 58 ఏళ్ళు పట్టింది. 1971లో అమెరికాలో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనే ఇద్దరు మధ్యయుగపు సైన్యాల ఆట 'చైన్‌మెయిల్' వెలువరించారు. దాని చివర కొన్ని పేజీల అనుబంధంలో డ్రాగన్లు, మాంత్రికులు, ఓర్క్‌లు, హాబిట్లు కనిపిస్తారు. ఇవన్నీ ఎక్కడివి? చాలావరకు ఆంగ్ల రచయిత టోల్కీన్ నవలల్లోవి. ఆ అనుబంధమే ముదిరి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అయింది.

దీని మీద టోల్కీన్ రచనల హక్కుదారుల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. తర్వాతి ముద్రణల్లో 'హాబిట్' పోయి 'హాఫ్‌లింగ్' వచ్చింది. చెట్టు మనుషులైన 'ఎంట్'లు 'ట్రెంట్'లయ్యారు. కానీ ఓర్క్ మాత్రం ఓర్క్‌గానే ఉండిపోయింది. ఎందుకంటే ఆ మాట టోల్కీన్ సొంతం కాదు. ప్రాచీన ఆంగ్ల భాషలోంచి ఆయన తెచ్చుకున్నదే. ఆ మాటకొస్తే ఆయన మరుగుజ్జుల పేర్లలో చాలా భాగం, గాండాల్ఫ్ అనే పేరుతో సహా, ప్రాచీన నార్స్ కవితలోని ఒక జాబితా నుంచి తీసుకున్నవే. అరువు తెచ్చిన వాడి దగ్గరే మరొకడు అరువు అడిగాడు! అయితే హాబిట్ అలా కాదు. కాళ్ళ నిండా వెంట్రుకలతో, రోజుకు ఎన్నో పూటలు తింటూ, సాహసాలంటే హడలిపోయే ఆ పొట్టి మనిషి టోల్కీన్ ఊహే. అందుకే ఆ పేరు వదులుకోవాల్సి వచ్చింది.

ఇదంతా పేర్ల సంగతి. అసలు విషయం ఇంకా లోపల ఉంది. అది తెలియాలంటే ఒక ఎడారికి వెళ్ళాలి.

ఫ్రాంక్ హెర్బర్ట్ అనే అమెరికన్ రచయిత 1965లో 'డ్యూన్' అనే నవల ప్రచురించాడు. అరాకిస్ అనే గ్రహమంతా ఇసుకే. ఆ ఇసుకలో దొరికే 'స్పైస్' అనే పదార్థం విశ్వంలో మరెక్కడా దొరకదు. అది లేకపోతే నక్షత్రాల మధ్య రాకపోకలే ఆగిపోతాయి. దాన్ని తీయాలంటే పెద్ద యంత్రాన్ని ఎడారిలోకి పంపాలి. ఆ యంత్రం చప్పుడుకు ఇసుక అడుగు నుంచి వందల మీటర్ల పొడవున్న పురుగు వచ్చి యంత్రాన్ని అమాంతం మింగేస్తుంది.

1992లో వెస్ట్‌వుడ్ అనే సంస్థ 'డ్యూన్ 2' అనే కంప్యూటరు ఆట చేసింది. కథ, పేర్లు అనుమతి తీసుకునే వాడుకున్నారు. కానీ వాళ్ళు నవల నుంచి తీసుకున్నది పేర్లు ఒక్కటే కాదు. ఆటలో భవనాలు కట్టాలంటే రాతి నేల మీదే కట్టాలి. పురుగులు ఇసుకలోనే తిరుగుతాయి, రాతి మీదికి రాలేవు. డబ్బు తెచ్చే స్పైస్ మాత్రం ఇసుకలోనే ఉంటుంది. చూశారా? క్షేమంగా ఉందామంటే డబ్బు రాదు, డబ్బు కావాలంటే ప్రమాదంలోకి వెళ్ళక తప్పదు. ఆటగాడు కోత యంత్రాన్ని పంపి, అది తిరిగి వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. ఈలోగా శత్రువు ఊరుకోడు. చదరంగంలోలాగా నీ వంతు, నా వంతు అని లేదు. రెండు పక్షాలూ ఒకేసారి కదులుతూ ఉంటాయి. హెర్బర్ట్ వందల పేజీల్లో చెప్పిన 'కొరత' అనే భావం ఇక్కడ ఒక నియమంగా మారింది. పుస్తకం చదవని పిల్లవాడికి కూడా అది ఆడుతుంటే వంటబడుతుంది. నా ఉద్దేశంలో ఇది అరువే, అయినా కొత్తదే.

రెండేళ్ళ తర్వాత, 1994లో, బ్లిజార్డ్ అనే మరో సంస్థ 'వార్‌క్రాఫ్ట్' తెచ్చింది. డ్యూన్ 2 ఆడిన అనుభవం నుంచే అది పుట్టిందని దాన్ని తయారుచేసిన వాళ్ళలో ఒకరైన పాట్రిక్ వయట్ దాచకుండా చెప్పారు. స్పైస్ బదులు బంగారం, కలప. అంతరిక్ష వంశాల బదులు మనుషులు, ఓర్క్‌లు. మన అమ్మాయి అక్కడుంటే "కాపీ!" అనేసేదే. మరి కొత్త ఏముంది? డ్యూన్ 2లో బండ్లను ఒక్కొక్కదాన్నే ఎంచుకుని ఆజ్ఞ ఇవ్వాలి. వార్‌క్రాఫ్ట్‌లో తెర మీద ఒక దీర్ఘచతురస్రం గీస్తే అందులో ఉన్న సైనికులు, నలుగురి దాకా, ఒకేసారి కదులుతారు. చిన్న సౌకర్యంలాగే కనిపిస్తుంది కదూ? కానీ దానితో ఆటగాడు ఒంటరి సైనికుల గురించి కాక దళాల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇంకొకటి: కలప కోసం చెట్లు కొట్టేస్తే అక్కడ దారి తెరుచుకుంటుంది. ఆ దారిన శత్రువు కూడా రావచ్చు!

అదే సంస్థ తర్వాతి ఆట 'స్టార్‌క్రాఫ్ట్'ను 1996లో ఒక ప్రదర్శనలో చూపితే, "ఇవి అంతరిక్షంలో ఓర్క్‌లు" అని చూసినవాళ్ళు నవ్వారట. రంగు మార్చిన వార్‌క్రాఫ్ట్ లాగే ఉంది మరి. వాళ్ళు అట్ట మడిచి సంచిలో పెట్టుకోలేదు. వెనక్కి వెళ్ళి తిరగరాశారు. 1998లో వచ్చిన ఆటలో మూడు జాతులున్నాయి. వాటిలో పురుగుల జాతి జెర్గ్. అంతరిక్ష పురుగులు 1959 నాటి హైన్‌లైన్ నవల 'స్టార్‌షిప్ ట్రూపర్స్'లోనే ఉన్నాయి. 1987లో మొదలైన 'వార్‌హ్యామర్ 40,000' అనే బల్ల ఆట చూసినవాళ్ళకూ ఈ రూపాలు కొత్తగా అనిపించవు. కొత్తదనమంతా మూడు జాతులూ మూడు వేర్వేరు పద్ధతుల్లో బతకడంలో ఉంది. మనుషుల భవనాలు కొన్ని గాల్లోకి లేచి మరోచోట దిగగలవు. జెర్గ్‌ల సైన్యమంతా గుడ్డుపురుగుల నుంచి రూపం మార్చుకుని పుట్టాల్సిందే. మూడో జాతి ప్రొటాస్ భవనాలు పనిచేయాలంటే దగ్గర్లో శక్తి స్తంభం ఉండాలి. అది కూలితే అవి మూగబోతాయి.

చదరంగంలో రెండు పక్షాలకూ ఒకే సైన్యం. పులి-మేకలో అలా కాదు: పులికి దూకడం ఉంది, మేకకు గుంపు ఉంది. సమానం కాని పక్షాల మధ్య సమానమైన పోటీ! స్టార్‌క్రాఫ్ట్ వాళ్ళు మన పులి-మేక చూసి నేర్చుకున్నారని నేననడం లేదు. ఒకే ఆలోచన వేర్వేరు చోట్ల విడివిడిగా మొలకెత్తవచ్చు కూడా.

చట్టం ఏమంటుంది? మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత కేసులో, ఒట్టి ఊహకు, ఇతివృత్తానికి కాపీహక్కు ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని తీర్పు చెప్పింది. అంటే అంతరిక్ష పురుగులతో యుద్ధం అనే ఊహ ఎవరైనా వాడుకోవచ్చు. ఒకరు గీసిన బొమ్మ, రాసిన వాక్యం, పెట్టిన ప్రత్యేక పాత్ర మాత్రం ఎత్తుకురాకూడదు. చట్టం అక్కడితో ఆగినా, మరో బాకీ మిగులుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు గైగాక్స్‌తో పాటు డేవ్ ఆర్నెసన్ కూడా కర్త. తర్వాత వచ్చిన పుస్తకాల విషయంలో తనకు రావలసిన పేరు, ప్రతిఫలం దక్కలేదని ఆయన 1979లో దావా వేశాడు. 1981లో రాజీ కుదిరింది. ఆలోచన ఎవరిదో ఒక్క మాట రాయడానికి సిరా పెద్దగా ఖర్చు కాదు. అది రాయకపోతే స్నేహాలు కోర్టులకెక్కుతాయి.

ఇక మన కుర్రాడి దగ్గరికి వద్దాం. "సంచిలోంచి అట్ట బయటికి తియ్యి నాయనా" అన్నాను. "పేర్లన్నీ చెరిపేసి ఆడితే ఆట మారుతుందా?" అని అడిగాను. మారదన్నాడు. "అయితే నీ నౌకకూ పులికీ తేడా ఏమిటి?" కాసేపు ఆలోచించి, "నౌకకు ఇంధనం కావాలండీ" అన్నాడు.

అక్కడ మొదలైంది. ఒక్కో నౌకకు రెండు చింతపిక్కలు. దూకిన ప్రతిసారీ ఒక పిక్క ఖర్చు. మామూలుగా జరగడానికి ఖర్చు లేదు. త్రిభుజం కొన ఇంధన కేంద్రం. అక్కడికి చేరితే మళ్ళీ రెండు పిక్కలు. ఆ అమ్మాయే మరమనుషుల పక్షాన కూర్చుంది. నౌక కొన వదిలి కదలగానే ఆమె అక్కడ ఒక మరమనిషిని పెట్టేసింది! కొన మీద ఉన్న పావుకు వెనక చోటు లేదు గనక దాని మీదుగా దూకలేరు. ఇంధనం శాశ్వతంగా బంద్. ఆట చచ్చిపోయింది.

రెండో ప్రయత్నంలో, కేంద్రంలో మరమనుషులు నిలవకూడదని నియమం చేర్చాడు. కొన నుంచి కిందికి నాలుగు దారులు కదా, ఈసారి ఆమె ఆ నాలుగు చోట్లా కాపలా పెట్టింది. అయినా ఒక సందు మిగిలింది. రెండో వరుసలో ఉన్న నౌక కాపలాదారు మీదుగా దూకి నేరుగా కేంద్రంలో పడవచ్చు. కానీ దూకాలంటే ఒక పిక్క ఉండాలి! కాబట్టి నౌకలవాడు ఆఖరి పిక్కను ఎంత ఆశ పుట్టినా ఖర్చు చేయకూడదు. పులికి ఎన్నడూ లేని బెంగ ఇది. పులి దొరికిన మేకనల్లా తింటుంది. ఈ నౌక ఎదురుగా ఉన్న మరమనిషిని చూస్తూ కూడా ఆగాలి.

మూడో ఆట మధ్యలో నేను బస్సుకు లేచాను. అట్ట మీద పేరు కింద "పులి-మేక ఆధారంగా" అని కుర్రాడు రాశాడు. అమ్మాయి పెన్సిలు లాక్కుని దాని కింద "కాపలా కిటుకు నాది" అని చేర్చింది. రెండు పిక్కలు చాలవు, మూడు కావాలని అతనూ, మూడయితే మరమనుషులు గెలవనే గెలవరని ఆమె ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మీరూ గీసుకుని రెండు రకాలుగానూ ఆడి చూడండి. ఎవరి మాట నిజమో, ఎన్ని ఆటల్లో ఎవరు గెలిచారో లెక్క రాసి పెట్టుకోవడం మరిచిపోకండి.