అరిగిపోయిన పుస్తెల విలువ

పెండ్లిళ్ల నెల వస్తే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల విశ్వాసుల నుండి మాకు తప్పక వచ్చే ప్రశ్న ఇది: "అయ్యగారూ, అమ్మమ్మ పుస్తెలు కరిగించి కొత్తవి చేయించవచ్చా? పాత నగ మీద అన్య గుర్తులుంటే దోషమా?" ప్రశ్న చిన్నదే. దాని వెనుక భక్తి ఉంది, భయం ఉంది, ఆడపిల్ల తండ్రి అప్పు కూడా ఉంది.

నగకు అర్థం ఎక్కడినుండి వస్తుంది? 1840లో పెండ్లాడిన ఇంగ్లాండు రాణి విక్టోరియాకు ఆల్బర్టు పాము ఆకారపు ఉంగరం ఇచ్చాడు. బైబిలు చదివేవారికి పాము అంటే ఏదెను తోట గుర్తొస్తుంది. అక్కడివారికి మాత్రం ఆ రోజుల్లో అది అంతము లేని ప్రేమకు గుర్తు. రత్నాల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే 'ప్రియతమా' అనే ఇంగ్లీషు మాట వచ్చేలా ఉంగరాలు పొదిగించుకునేవారు. చనిపోయినవారి తల వెంట్రుకలను లాకెట్లలో దాచుకునేవారు. 1861లో ఆల్బర్టు మరణించాక రాణి 1901లో తాను కన్నుమూసేవరకు నల్లబట్టలు విడువలేదు. బంగారానికి సొంతంగా భాష లేదు. మనుషులు దానికి అప్పగించిన మాటే అది మోస్తుంది.

మన సంఘాల్లో ఉంగరం పడమటి దేశాల నుండి వచ్చింది, పుస్తె ఈ నేలది. పెండ్లికి ఈ రెంటిలో ఏదీ తప్పనిసరి అని వాక్యం చెప్పలేదు. నాగర్‌కర్నూల్, వనపర్తిలో సేవచేసిన మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు నిరాడంబరతనే నేర్పారు. పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో స్త్రీకి నిజమైన అలంకారం హృదయంలో ఉంటుందని బోధించాడు. నిర్గమకాండము 32లో చెవిపోగులు దూడగా మారాయి. అదే గ్రంథం 35లో ప్రజలు తెచ్చిన నగలు ప్రత్యక్ష గుడారపు పనికి చేరాయి. లోహం ఒకటే, మనసు వేరు.

మరొకటి గమనించండి. ఆదికాండము 24లో రిబ్కాకు ముక్కు కమ్మి, కడియాలు ఇచ్చింది అబ్రాహాము పంపిన దాసుడు, అంటే వరుని పక్షము. పిల్ల తండ్రి ఇన్ని తులాలు పెట్టాలని అక్కడ ఎవరూ లెక్క కట్టలేదు. నేడు మన ఇండ్లలో ఆ లెక్క జరుగుతోంది. ఆ బంగారం కోసం పొలం కుదువ పెట్టి, కూలికి వలసపోయే తండ్రులున్నారు. 1961 నుండి కట్నం ఇచ్చినా తీసుకున్నా చట్టరీత్యా నేరమే. బలిపీఠం ముందు నిలిచేవారికి అది నేరం మాత్రమే కాదు, పాపం కూడా.

కాబట్టి మా సలహా ఇది. పాత పుస్తెలు కరిగించడం దోషం కాదు. కరిగించకుండా ధరిస్తే అప్పు మిగులుతుంది, అమ్మమ్మ కథా మిగులుతుంది. వాటి మీది గుర్తు మనస్సాక్షిని బాధిస్తే కంసాలి చేత మార్పించండి. ఏదీ లేకపోతే గురిగింజెత్తు బంగారమైనా చాలు. సంఘ పెద్దలు నిశ్చితార్థం రోజే రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి తులాల మాట ఎత్తవద్దని చెప్పాలి. కాపరి చెప్పడానికి జంకితే ఆ ఇంటి అప్పులో ఆయనకూ భాగముంటుంది.

ఆ అమ్మమ్మ పుస్తెలు అరిగింది వంటింట్లో, పొలంలో, ప్రార్థనలో గడిచిన ఏండ్ల వల్ల. కొత్త జంటకు ప్రభువు అటువంటి ఏండ్లను దయచేయును గాక.