రైలు ఒకటే, రూల్ ఎవరిది?

మన దేశంలో రైల్వే అంటే కేంద్రమే. రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 22వ అంశం. గూడ్సు బండి ఎంత స్పీడులో వెళ్ళాలో మన అసెంబ్లీ చట్టం చేస్తానంటే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. అమెరికాలో కథ వేరు. అక్కడ గూడ్సు బళ్ళు, వాటి ట్రాకులు దాదాపుగా ప్రైవేటు కంపెనీలవి. రూల్స్ ఎక్కువగా కేంద్రానివి. ఏదైనా పేలితే ఖాళీ చేయించాల్సిన ఊళ్ళు మాత్రం రాష్ట్రాలవి.

1970లో వచ్చిన ఫెడరల్ రైల్‌రోడ్ సేఫ్టీ యాక్ట్ ప్రకారం భద్రతా నియమాలు వీలైనంత వరకు దేశమంతా ఒకేలా ఉండాలి. ఒక విషయం మీద కేంద్రం రూల్ పెట్టేదాకా రాష్ట్రం సొంత రూల్ పెట్టుకోవచ్చు. కేంద్రం పెట్టాక రాష్ట్రానిది చెల్లదు. దీన్నే ప్రీఎంప్షన్ అంటారు. మన సీఎస్‌ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే, బేస్ క్లాస్‌లో మెథడ్‌ని ఖాళీగా వదిలేస్తే డిరైవ్డ్ క్లాస్ రాసుకోవచ్చు, 'ఫైనల్' అని రాసేస్తే ఇక ఓవర్‌రైడ్ లేదు. ఒక మినహాయింపు ఉంది. ఆ చోటికే ప్రత్యేకమైన ప్రమాదం ఉంటే రాష్ట్రం ఇంకా కఠినమైన రూల్ పెట్టొచ్చు. కానీ కోర్టులు ఆ సందుని చాలా ఇరుకుగానే ఉంచాయి.

అన్నిచోట్లా ఒకేలా ఎందుకుండాలి అంటే, కంపెనీల వాదన తీసిపారేసేది కాదు. 1912లో అరిజోనా, గూడ్సు రైలుకి 70 వ్యాగన్లు, ప్యాసింజర్ రైలుకి 14 పెట్టెలు మించకూడదని చట్టం చేసింది. అంటే ఆ ఒక్క రాష్ట్రం కోసం పొడవాటి రైలుని ముందే విడగొట్టి, దాటాక మళ్ళీ కలపాలి! 1945లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పొట్టి రైళ్ళయితే వాటి సంఖ్య పెరుగుతుంది, దాంతో ప్రమాదాలూ పెరుగుతాయి అన్న లెక్క కూడా చూసింది.

కానీ అసలు దెబ్బ తగిలేది బాధితులకి. జార్జియాలో ఒక లారీ డ్రైవర్ రైల్వే గేటు దగ్గర సీఎస్‌ఎక్స్ రైలు గుద్ది చనిపోయాడు. అలాంటి చోట రైలు నెమ్మదిగా రావాల్సింది కదా అని భార్య కేసు వేసింది. 1993లో సుప్రీంకోర్టు ఏమందంటే: ఆ తరగతి ట్రాక్ మీద కేంద్రం పెట్టిన పరిమితి గంటకి 60 మైళ్ళు, రైలు దానికి లోబడే వచ్చింది, కాబట్టి స్పీడు గురించి రాష్ట్ర చట్టం కింద అడగడానికి లేదు. (గేటు దగ్గర హెచ్చరికలు సరిగా లేవన్న వాదన మాత్రం బతికింది.)

మైనాట్ కథ ఇంకా అన్యాయం. నార్త్ డకోటాలోని ఆ ఊరి దగ్గర 2002 జనవరి 18న రైలు పట్టాలు తప్పి అమోనియా మేఘంలా కమ్మేసింది. ఒకరు చనిపోయారు, ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు. ట్రాక్ తనిఖీ మీద కేంద్ర నియమాలు ఉన్నాయి కాబట్టి కేసు చెల్లదని ఫెడరల్ కోర్టు అనేసింది. మరి కంపెనీ ఆ కేంద్ర నియమాలనే పాటించకపోతే? అప్పుడూ చెల్లదట! చివరికి 2007లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, కేంద్ర ప్రమాణాన్నే ఉల్లంఘించారు అనుకుంటే బాధితులు కేసు వేయొచ్చని స్పష్టం చేసింది. అదీ సరిగ్గా ప్రమాదం జరిగిన తేదీ నుంచే వర్తించేలా. నాకు ఇందులో బాగా నచ్చిన లైన్ ఇదే.

ఇక రైల్లో ఎంతమంది సిబ్బంది ఉండాలి అన్నది కొత్త గొడవ. ఇద్దరు ఉండాలన్న పాత ప్రతిపాదనని 2019లో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వెనక్కి తీసుకుంది. ఊరుకోకుండా, 'రూల్ వద్దు అన్నది కూడా మా నిర్ణయమే, కాబట్టి రాష్ట్రాలూ పెట్టకూడదు' అంది. 'నల్' వేరు, 'ఫాల్స్' వేరు అని మనకి ఫస్టియర్‌లోనే చెప్తారు. వీళ్ళు నల్‌ని ఫాల్స్‌గా చదవమన్నారు. 2021లో అప్పీల్ కోర్టు ఆ ఉత్తర్వుని రద్దు చేసింది. 2023 ఫిబ్రవరిలో ఒహాయోలోని ఈస్ట్ పాలెస్టీన్‌లో వినైల్ క్లోరైడ్ మోస్తున్న రైలు పట్టాలు తప్పింది. ఆ తర్వాత కొన్ని వారాలకే గూడ్సుకి ఇద్దరు సిబ్బంది ఉండాలని ఆ రాష్ట్రం చట్టం చేస్తే, రైల్వే కంపెనీల సంఘం కోర్టుకెళ్ళింది. 2024లో కేంద్రమే కొన్ని మినహాయింపులతో ఇద్దరు ఉండాలని రూల్ తెచ్చింది. ఈస్ట్ పాలెస్టీన్‌లో వేడెక్కి విరిగిన బేరింగ్ సంగతి చూడండి. దాన్ని పసిగట్టాల్సిన సెన్సర్లు చివరి రెంటి మధ్య 20 మైళ్ళ దూరం. ఎంత దూరానికొకటి పెట్టాలో చెప్పే కేంద్ర నియమం అప్పటికి లేనేలేదు.

ఒహాయోదే ఇంకో చట్టం ఉంది. ఆగిన రైలు రోడ్డుని 5 నిమిషాలకి మించి మూసెయ్యకూడదు. 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే అది కేంద్ర చట్టం ముందు నిలవదంది. 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు అప్పీల్ వినడానికి ఒప్పుకోలేదు. పోనీ కేంద్రం ఎన్ని నిమిషాలని చెప్పిందా? ఏమీ చెప్పలేదు. గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్ళు చేయగలిగింది ఒకటుంది: ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్లో ఒక ఫారం నింపొచ్చు.