తేదీ తప్పిన కెమేరా

దేవరుప్పుల దగ్గరి కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జూలై 4న. మొన్న జూలై 4న అక్కడి స్తూపం ముందు మా పెద్దమ్మకు నా డిజిటల్ కెమేరాతో ఫొటో తీశాను. ఇంటికి వచ్చి చూద్దును గదా, దాని మీద జనవరి 1 అని పడి వున్నది!

“తారీఖు తప్పినంక గిదేం ఫొటోరా?” అన్నది పెద్దమ్మ.

నిజానికి కెమేరా చెడలేదు. పెద్ద బ్యాటరీ తీసేసి నెలల తరబడి బీరువాలో పెట్టాను. లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ యీలోగా నీరసించింది. తేదీ మొదటికి వచ్చింది. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ వేసి ఒక రోజు వుంచితే చిన్నదీ కోలుకున్నది. అప్పుడు తేదీ సరిచేశాను.

ఆ ఫొటో అచ్చు వేయించి, వెనుక అసలు తేదీ సిరాతో వ్రాసి పెద్దమ్మకు యిచ్చాను.