హైదరాబాదులో క్లోరోఫారము పరీక్షలు

రాయదుర్గము హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్నది. బండరాళ్ల గుట్టలతో నిండియుండిన ఈ ప్రాంతము కొన్ని దశాబ్దములలోనే ఆనవాలు పట్టరానంతగా మారిపోయినది. ఎటు చూచినను అద్దాల మేడలు, కంప్యూటరు సంస్థల కార్యాలయములు. 2019వ సంవత్సరము నవంబరు నెలలో ఇచటికి మెట్రో రైలు వచ్చినది. ఈ పరిసరములలో పెద్ద పెద్ద ఆసుపత్రులును వెలసినవి.

అట్టి ఆసుపత్రిలో ఒక నర్సు రోగికి మాత్రనో, సూదిమందునో ఇచ్చుటకు ముందు చేయు పనిని గమనించినవారికి, ఇంత చిన్న పనికి ఇంత తతంగమేల యని తోచవచ్చును. ఆమె రోగిని పేరడుగును. ముంజేతికి కట్టిన పట్టీమీది పేరును చదువును. వైద్యుడు వ్రాసిన చీటీని, మందుసీసామీది పేరును పోల్చి చూచును. మనిషి సరియైనవాడేనా, మందు సరియైనదేనా, మోతాదు సరిగా నున్నదా, నోటిద్వారా ఈయవలసినదా లేక సూదిద్వారానా, వేళ అయినదా అను అయిదు సంగతులను తేల్చుకొననిదే ఆమె చేయి ముందునకు సాగదు. నర్సు విద్యార్థులకు మొట్టమొదట నేర్పు పాఠములలో ఇది యొకటి. ఒకటి రెండు అక్షరముల తేడాతో ఇంచుమించు ఒకే తీరున వినబడు మందులు అనేకములు కలవు. 0.5 అని వ్రాసినచోట చుక్క కనబడక 5 అని చదివినచో పదిరెట్ల మందు శరీరములోనికి పోవును.

తీవ్రమైన నొప్పిని తగ్గించుటకు మార్ఫిను వంటి మందును ఈయవలసినపుడు ఆమెకు మరియొక పని కలదు. గడియారము చూచుచు, రోగి నిమిషమునకు ఎన్నిసార్లు ఊపిరి పీల్చుచున్నాడో లెక్కింపవలెను. పెద్దవారు నెమ్మదిగా నున్నపుడు నిమిషమునకు 12 మొదలు 20 సార్లు ఊపిరి పీల్తురు. ఈ లెక్క బాగుగా తగ్గియున్నచో ఆమె మందు ఈయక వైద్యునకు తెలుపును. నొప్పి పోగొట్టు మందే ఊపిరిని కూడ మందగింపజేయును గనుక ఈ జాగ్రత్త అవసరమైనది.

మత్తునిచ్చు మందు ప్రాణము తీసినపుడు మొదట ఆగునది ఊపిరియా, గుండెయా? ఈ ప్రశ్నను గూర్చి ప్రపంచ వైద్యులందరును చెవియొగ్గి వినిన వాదమొకటి ఈ నగరములోనే పంతొమ్మిదవ శతాబ్దమున జరిగినది. రాయదుర్గములో రైలెక్కి, అమీరుపేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజి స్టేషనులో దిగినవారు ఆ వాదము పుట్టిన చోటికి చేరుదురు. ఆ కాలేజికి మూలమైనది 1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్యపాఠశాల.

మత్తుమందు లేని కాలములో శస్త్రచికిత్స యనగా నరకయాతనయే. బలవంతులైన మనుష్యులు రోగిని కదలకుండ అదిమిపట్టుకొనగా, వైద్యుడు వీలైనంత త్వరగా కోతపని ముగించెడివాడు. 1847లో ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారము ఆవిరిని పీల్పించి నొప్పి తెలియకుండ చేయవచ్చునని కనుగొనెను. తియ్యని వాసనగల ఆ ద్రవమును రుమాలుమీద కొన్ని చుక్కలు వేసి ముక్కునొద్ద పట్టిన చాలును. లోకమంతయు సంతోషించెను. కాని మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనుటకు ఈ మందును పీల్చి, కొద్ది నిమిషములలో మరణించెను. గోరు కొరకు ప్రాణము పోయినది! అటుపిమ్మట ఇట్టి మరణములు అక్కడక్కడ జరుగుచునే యుండెను.

కారణమును గూర్చి వైద్యులు రెండు పక్షములైరి. మందు గుండెను ఆపుచున్నది, గాన నాడిమీద వ్రేలు తీయరాదని లండను వైద్యులలో పలువురు వాదించిరి. ముందు ఆగునది ఊపిరి, దానిని కనిపెట్టియున్న చాలునని ఎడింబరో వారనిరి.

ఎడింబరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదునకు వచ్చి రెసిడెన్సీ వైద్యుడుగను, వైద్యపాఠశాలకు అధ్యక్షుడుగను ఉండెను. తన యొద్ద క్లోరోఫారము పుచ్చుకొనిన వేలకొలది రోగులలో ఒక్కడైనను చనిపోలేదని ఆయన చెప్పుచుండెను. 1888లో ఆయన ఒక సంఘము నేర్పరచి జంతువులపై పరీక్షలు జరిపించెను. గుండెకు ముందుగా ఊపిరియే ఆగుచున్నదని ఆ సంఘము ప్రకటించెను. లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక ఇందుకు సమ్మతింపలేదు. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను, ఆ పత్రికవారే తమకు నమ్మకమైన శాస్త్రజ్ఞుని పంపి పరీక్ష చేయించుకొనవచ్చుననియు, ఖర్చులకు వేయి పౌనులు తాను ఇత్తుననియు తెలిపెను. ఎదిరిపక్షము వానినే పిలిపించి తీర్పు చెప్పుమనుట గొప్ప సాహసము.

1889 అక్టోబరులో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు ఓడనెక్కి వచ్చెను. ఆయన గుండె పక్షము వాడు. రక్తపు ఒత్తిడిని గీతలుగా వ్రాయు యంత్రములతో నాలుగు వందలకు పైగా కుక్కలను, కోతులను, మేకలను, ఇతర జంతువులను పరీక్షించిరి. నోరులేని ఆ జీవులలో బ్రదికి బయటపడినవి బహు కొద్ది. తుదకు బ్రంటన్ తన అభిప్రాయమును మార్చుకొనెను. ప్రమాదము ఊపిరాడకపోవుట వలనను, మోతాదు మించుట వలనను కలుగుచున్నదే గాని నేరుగా గుండెవలన ఎంతమాత్రము కాదని ఆయన లండనునకు తంతి పంపెను.

ఆ సంఘము చేసిన నియమములు గమనింపదగినవి. రోగిని పరుండబెట్టి, మెడ, రొమ్ము, పొట్టల మీది దుస్తులను వదులు చేయవలెను. ఊపిరితో కదలు రొమ్ము, పొట్ట క్షణమైనను కంటికి మరుగు కారాదు. రోగి పెనుగులాడుచు ఊపిరి బిగబట్టినచో మందును ముఖమునుండి తొలగింపవలెను. ఏలయనగా ఊపిరి బిగబట్టినవాడు పిదప ఒక్క పెట్టున గట్టిగా పీల్చును, ఆ పీల్పుతో మందు హద్దుమీరి లోనికి పోవును. కంటిగ్రుడ్డును వ్రేలికొనతో తాకినపుడు రెప్ప కొట్టుకొనకున్నచో మత్తు చాలినట్లు గుర్తు. అపుడు శస్త్రచికిత్స మొదలుపెట్టవచ్చును. మందిచ్చువాని ధ్యానమంతయు ఊపిరిమీదనే యుండవలెను. శస్త్రవైద్యుని కత్తి ఏమి చేయుచున్నదో చూడవలసిన పని ఆతనికి లేదు.

అయినను హైదరాబాదు తీర్పు సగమే నిజమని తరువాత తేలినది. 1911లో గుడ్మన్ లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి ఒక వింతను కనుగొనెను. భయముచేతనో, ఉద్రేకముచేతనో శరీరములో అడ్రినలిన్ అను రసము ఎక్కువగా ఊరును. లేత మత్తులో నున్నపుడు, అనగా మందు చాలనపుడు, ఆ రసము రక్తములో కలసినచో గుండె ఒక్కసారిగా క్రమము తప్పి, రక్తమును తోయుట మాని వణకసాగును. కొద్దిసేపటిలో ప్రాణము పోవును. ఊపిరి చక్కగా నున్నను ఇది జరుగవచ్చును. మోతాదు మించినందున కలుగు మరణము వేరు, ఇది వేరు. మొదటిదానిని హైదరాబాదు వారు చక్కగా కనుగొనిరి. రెండవది లేనే లేదని చెప్పిరి. లండను వారి భయము వట్టిది కాదు. క్లోరోఫారము కాలేయమునకు హాని చేయుననియు తెలియవచ్చినది. నేడు మత్తు కొరకు దానిని వాడుట లేదు. శస్త్రచికిత్స జరుగుచున్నంతసేపు మత్తువైద్యుడు ఊపిరిని, గుండెను, రక్తములోని ప్రాణవాయువును యంత్రముల సాయముతో కనిపెట్టియుండును. తీర్పులో లోపమున్నను, రోగి ప్రక్కన కూర్చుండి కన్నార్పక ఊపిరిని చూచు అలవాటు మాత్రము లారీ శిష్యులకు బాగుగా అబ్బినది.

ఆ శిష్యులలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి యొకతె. 1885లో వైద్యపాఠశాలలో చేరిన తొలి విద్యార్థినులలో ఆమె యుండెను. స్త్రీలు వైద్యము చదువుటయే వింతగా నున్న ఆ దినములలో ఆమె 1889లో ఉత్తీర్ణురాలై, రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజి ఆసుపత్రిలోను రోగులకు క్లోరోఫారము ఇచ్చు బాధ్యతను వహించెను. ప్రపంచములో మత్తువైద్యము నవలంబించిన తొలి స్త్రీలలో ఆమెను లెక్కింతురు. ఇరువదేండ్ల అనుభవము గడించిన పిమ్మట కూడ ఆమెకు తన చదువు చాలినదని తోచలేదు. 1909లో ఎడింబరోకు పోయెను. మత్తువైద్యమునకు వేరుగా చదువు లేనందున, తాను రోగులకిచ్చు ఆవిరుల స్వభావము తెలియుటకై భౌతిక రసాయన శాస్త్రములను చదివి, మరల హైదరాబాదునకు వచ్చి పనిలో ప్రవేశించెను. 1920లో ఉద్యోగము విరమించునాటికి ఆమె చాదర్‌ఘాటు ఆసుపత్రికి అధికారిణిగా నుండెను.