గల్ఫ్ నుంచి తెచ్చే సామాను మన కరెంటుకు పనికొస్తుందా? కార్గోలో వేసే ముందే చూసుకోండి

గల్ఫ్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి కొనుక్కున్న సామాన్లను అక్కడే వదిలేసి రావాలంటే మనసొప్పదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఒవెన్, టీవీ అన్నీ ప్యాక్ చేసి కార్గోలో వేస్తారు. ఇంటికి చేరాక ప్లగ్గు మార్చి స్విచ్ వేస్తే కొన్ని బాగానే నడుస్తాయి. కొన్ని ఆ క్షణమే కాలిపోతాయి. ఇంకొన్ని కొన్నాళ్లు నడిచి, వేడెక్కి, ఆగిపోతాయి. అప్పుడు ‘సరుకు నకిలీది’ అని అమ్మినవాడిని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు సరుకుది కాదు. అది పుట్టిన చోటి కరెంటు వేరు, మన ఇంటి కరెంటు వేరు.

సౌదీ లెక్క వేరు

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దుబాయ్, అబుదాబి సహా యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా 230 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జే. అందుకే అక్కడి సామాను ఇక్కడ నడపడానికి కరెంటు పరంగా పెద్ద ఇబ్బంది ఉండదు.

సౌదీ అరేబియాలో మాత్రం 60 హెర్ట్జ్. పైగా అక్కడి పాత ఇళ్లలో చిన్న సామాన్లకు 127 వోల్టుల సాకెట్లు, ఏసీ లాంటి వాటికి 220 వోల్టుల సాకెట్లు ఉండేవి. ఇళ్లకు 230 వోల్టులు ఇచ్చే పద్ధతికి మారాలని సౌదీ ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. వోల్టులు మారుతున్నా హెర్ట్జ్ 60గానే ఉంది.

హెర్ట్జ్ అంటే ఏమిటి? ఇంటికి వచ్చే కరెంటు ఒకే వైపు పారదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు అలా ఊగుతుందో ఆ సంఖ్యే హెర్ట్జ్. ఫ్రిజ్ కంప్రెసర్, పాత రకం వాషింగ్ మెషిన్‌లలోని మోటార్లు ఆ ఊపుకు తగ్గట్టే తిరుగుతాయి. 60 హెర్ట్జ్ కోసం చేసిన మోటార్‌ను 50 మీద పెడితే వేగం ఆరో వంతు తగ్గుతుంది. అంతకంటే పెద్ద సమస్య వేడి. వోల్టేజీ అంతే ఉండి హెర్ట్జ్ తగ్గితే మోటార్ చుట్ట ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడి పెరిగి చుట్ట మీది పూత దెబ్బతింటుంది. ‘220 వోల్టులే కదా, మనదీ అంతే కదా’ అనుకుని సౌదీ ఫ్రిజ్ తెచ్చుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

వెనకాల ఉన్న స్టిక్కర్ చదవండి

ప్రతి వస్తువు వెనకో, కిందో ఒక స్టిక్కర్ ఉంటుంది. ఛార్జర్ అయితే దాని మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ఇన్‌పుట్’ అనే మాట పక్కన చూడండి. ‘వి’ అనే అక్షరం ముందున్నది వోల్టులు, ‘హెచ్ జెడ్’ ముందున్నది హెర్ట్జ్.

- 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్: ఏ దేశంలోనైనా నడుస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇవే. ప్లగ్గు ఒక్కటి సరిపోతే చాలు.
- 220–240 వోల్టులు, 50 లేదా 50/60 హెర్ట్జ్: ఇక్కడ నిశ్చింతగా వాడుకోవచ్చు.
- 220 వోల్టులు, 60 హెర్ట్జ్ మాత్రమే: మోటార్, కంప్రెసర్, మైక్రోవేవ్ అయితే తేవద్దు.
- 110, 120 లేదా 127 వోల్టులు మాత్రమే: నేరుగా మన సాకెట్‌లో పెడితే కాలిపోతుంది.

ఇస్త్రీ పెట్టె, కెటిల్, మామూలు రైస్ కుక్కర్ లాంటివి వేడి మాత్రమే ఇస్తాయి. వీటికి హెర్ట్జ్‌తో పని లేదు, వోల్టులు కుదిరితే చాలు. సౌదీలో కొన్న 220 వోల్టుల ఇస్త్రీ పెట్టె ఇక్కడ బాగానే పనిచేస్తుంది. అదే 120 వోల్టులకు చేసిన 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను మన 230 మీద పెడితే దాదాపు 3,670 వాట్లు లాగబోతుంది. ఫ్యూజ్ ఎగిరిపోతే అదృష్టం, లేకపోతే మంటే.

ప్లగ్గు మారిస్తే కరెంటు మారదు

గల్ఫ్‌లో ఎక్కువగా కనిపించేది మూడు పలక పిన్నుల ప్లగ్గు. దాని లోపల చిన్న ఫ్యూజ్ ఉంటుంది. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గులో అది ఉండదు. పాత ప్లగ్గు కోసి కొత్తది వేయించేటప్పుడు పసుపు–ఆకుపచ్చ రంగు తీగను తప్పకుండా పెద్ద పిన్నుకు కలిపించండి. అది ఎర్త్ తీగ. ‘ఇది లేకపోయినా నడుస్తుంది’ అంటూ ఎలక్ట్రీషియన్ దాన్ని వదిలేస్తే ఒప్పుకోవద్దు. నడవడం నిజమే, కానీ లోపల తీగ తెగి బాడీకి తగిలిన రోజు తడి చేతితో ఫ్రిజ్ తలుపు తీసే అమ్మీకి షాక్ కొడుతుంది.

ఇంకో చిన్న లెక్క. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 3000 వాట్ల కెటిల్ అంటే 13 ఆంపియర్లు. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో కన్వర్టర్ పిన్ను పెట్టి వాడితే సాకెట్ కరిగిపోతుంది. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి.

ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోదా?

హైదరాబాద్‌లో కోఠి వైపు వెళ్తే 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. వస్తువు వాట్ల కంటే పెద్దది తీసుకోవాలి, మోటార్ ఉంటే ఇంకా పెద్దది. కానీ ట్రాన్స్‌ఫార్మర్ అయినా స్టెబిలైజర్ అయినా వోల్టులను మాత్రమే సరిచేస్తుంది, హెర్ట్జ్‌ను ముట్టుకోదు. సౌదీ ఫ్రిజ్‌కు స్టెబిలైజర్ పెడితే సమస్య తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అమెరికా వెళ్లేవాళ్లకు, వచ్చేవాళ్లకు

అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కూతురి కోసం ఇక్కడి నుంచి మామూలు మిక్సీ పంపితే అక్కడ నీరసంగా తిరుగుతుంది, పచ్చడి కూడా నలగదు. అక్కడ వాడటానికే 110 వోల్టుల మిక్సీలు మన కంపెనీలు తయారు చేస్తున్నాయి, అవే అడిగి కొనండి. అక్కడి నుంచి టీవీ తెచ్చేవాళ్లు స్టిక్కర్ తప్పక చూడాలి. 120 వోల్టులకే పరిమితమైన మోడళ్లు కూడా ఉంటాయి.

ఫోన్ల విషయానికొస్తే, ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే ట్రే లేదు, ఇ–సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీ ఇ–సిమ్ ఇస్తున్నాయి కాబట్టి వాడుకోవచ్చు. అయితే బటన్ ఫోన్‌లోని సిమ్ తీసి అందులో వేద్దామనుకుంటే కుదరదు. ఏ దేశం ఫోన్ అయినా అక్కడి నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉందా అన్నది కొనే ముందే అడగాలి.

అజాన్ గడియారం

ఉమ్రా నుంచి చాలామంది తెచ్చే వస్తువు ఇది. కరెంటు సమస్య తక్కువ, సెట్టింగ్ సమస్య ఎక్కువ. ఊరు మార్చడం అందరూ చేస్తారు, లెక్కించే పద్ధతి మార్చడం మరచిపోతారు. సౌదీలోని ఉమ్ముల్ ఖురా పద్ధతిలో మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలకు ఇషా, రమజాన్‌లో 120 నిమిషాలకు. మన వైపు ఎక్కువగా వాడే కరాచీ పద్ధతి సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీలు కిందికి దిగడాన్ని బట్టి ఉంటుంది. అసర్‌కు ‘హనఫీ’ ఎంచుకోకపోతే హనఫీ మసీదు అజాన్ కంటే గడియారం ముందే మోగుతుంది. రెండూ సెట్ చేశాక మీ మహల్లా మసీదు టైమ్‌టేబుల్‌తో ఒకసారి పోల్చుకోండి.

చివరగా హిసాబ్

కార్గో ఛార్జీ, కస్టమ్స్ సుంకం, ప్లగ్గు లేదా ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలిపి, ఆ మొత్తాన్ని ఇక్కడ కొత్తది కొంటే అయ్యే ధరతో పోల్చండి. ఫ్లాట్ టీవీలను ప్రయాణికుల ఉచిత మినహాయింపు నుంచి 2013 ఆగస్టులోనే తీసేశారు. మినహాయింపు పరిమితులు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసే ముందే కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వారంటీ కార్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని లేకపోతే ఇక్కడి సర్వీస్ సెంటర్ ఉచితంగా చేయాలని లేదు. ఆ మోడల్ ఇక్కడ అమ్మకపోతే స్పేర్ పార్టులు కూడా దొరకవు.

ల్యాప్‌టాప్, ఫోన్, 220 వోల్టుల ఇస్త్రీ పెట్టె తెచ్చుకోండి. 60 హెర్ట్జ్ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మైక్రోవేవ్‌లను అక్కడే అమ్మేసి ఆ డబ్బు తెచ్చుకోవడం మేలు. అనుమానం ఉంటే కార్గోవాళ్లు రాకముందే ఆ స్టిక్కర్‌ను ఫోటో తీసి ఇక్కడి ఎలక్ట్రీషియన్‌కు పంపండి. సామాను ఓడ ఎక్కాక తెలిసినా లాభం లేదు.