తాళం తిప్పగానే గలగల

పదేళ్లు పైబడిన డీజిల్ కారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలు డీజిల్ రొదలో పడిపోతుంది. షెడ్డుకు చేరేసరికి బండి వేడెక్కి ఉంటుంది కాబట్టి చప్పుడు వినిపించదు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఒకసారి రేజ్ చేసి, ‘పాత బండి కదండీ, ఆమాత్రం ఉంటుంది’ అంటాడు. మరీ హుషారైనవాడైతే ‘ఇంజిన్ దించాలి’ అంటాడు. రెండూ తొందరపాటు మాటలే. చప్పుడు ఎక్కణ్నుంచి అని వెతికే ముందు, అది ఎప్పుడొస్తోంది, ఏం చేస్తే పోతోంది అని గమనిస్తే సగం పని ఇంటి ముందే తేలిపోతుంది.

మన రోడ్ల మీద ఇప్పటికీ తరచూ ఎదురయ్యే ఇంజిన్‌నే తీసుకుందాం: 1248 సీసీల ఫియట్ 1.3 మల్టీజెట్. డీజిల్ స్విఫ్ట్‌లో డీడీఐఎస్ అనీ, ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అనీ పేరు మార్చుకుని కూర్చున్నది ఇదే. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేయడంతో దీని వైభవం ముగిసింది. దీంట్లో రబ్బరు టైమింగ్ బెల్టు ఉండదు, ఉక్కు చైన్ ఉంటుంది. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ కచ్చితంగా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూడటమే చైన్ పని.

చైన్ సాగింది అంటుంటారు. నిజానికి ఉక్కు సాగదు, కీళ్లు అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో నూరోవంతు అరిగినా, నూరు కీళ్లుంటే మొత్తం చైన్ ఒక మిల్లీమీటరు పొడుగైనట్టే. సైకిల్ చైన్ వదులైతే చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తాం. ఇక్కడ ఆ పని టెన్షనర్‌ది. దాన్ని చైన్ మీదికి నెట్టి ఉంచేది ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. రాత్రి ఆ ఆయిల్ కిందికి జారిపోతే, పొద్దున పంపు మళ్లీ ప్రెషర్ అందించేదాకా వదులు చైన్ గైడుకు తగిలి కొట్టుకుంటుంది. ప్రెషర్ అందగానే నోరు మూస్తుంది. ఆయిల్ అందక హైడ్రాలిక్ టాపెట్లు కూడా చప్పుడు చేస్తాయి గానీ అది ఇంజిన్ పైనుంచి సన్నగా టిక్కుటిక్కుమంటుంది. అనుమానం తీరాలంటే పాత మెకానిక్కుల పద్ధతే మేలు: పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన టైమింగ్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కి పెట్టాలి. లోపలి దెబ్బ ఉక్కు గుండా నేరుగా ఎముకలోకి వచ్చేస్తుంది, చుట్టుపక్కల రొద వెనకబడిపోతుంది. బెల్టుకు, ఫ్యానుకు మాత్రం చొక్కా కూడా తగలనివ్వకండి.

మొదట డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి చూడాలి. అయినా తగ్గకపోతే, ముఖ్యంగా వేడి మీద కూడా గలగలమంటుంటే, ఇక వాయిదా వేయొద్దు. వదులు చైన్ పళ్లు దాటిందంటే వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు, అప్పుడు హెడ్డు దించక తప్పదు. చైన్, టెన్షనర్, గైడులు, పళ్ల చక్రాలు అన్నీ కలిపి మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగానే పాడవుతుంది. షాఫ్టులను కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు లేని షెడ్డులో ఈ పని అప్పగించకండి. ‘మార్కింగ్ పెట్టి విప్పుతాం సార్’ అనే మాటకు నేనైతే ఒప్పుకోను.

చప్పుడు న్యూట్రల్‌లో ఉండి, క్లచ్ తొక్కగానే పోతోందా? అయితే చైన్ జోలికి వెళ్లక్కర్లేదు. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ కాస్త దూకుతుంది. ఆ కుదుపును క్లచ్ ప్లేటులోని స్ప్రింగులు మింగాలి. అవి అలిసిపోతే కుదుపు గేర్ల పళ్లదాకా చేరి కటకటలాడిస్తుంది. గేర్‌బాక్స్ ముందు బేరింగు అరిగినా ఇదే లక్షణం. తొక్కినప్పుడే గరగరమంటే మాత్రం రిలీజ్ బేరింగును అనుమానించాలి.

ఇక టకటకమని దరువు. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలో పడిన డీజిల్ క్షణకాలం ఆగి అంటుకుంటుంది. ఆ క్షణంలో పోగైనదంతా ఒక్కసారిగా మండితే నాకింగ్. అందుకే కామన్ రైల్ ఇంజిన్లు ముందు ఓ చుక్క చల్లి, అది అంటుకున్నాకే అసలు మోతాదు వదులుతాయి. అరిగిన ఇంజెక్టర్‌కు ఆ చిన్న చుక్క కొలవడం చేతకాదు. ఐడిల్‌లో 800 చుట్ల మీద ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడుసార్లు మండుతుంది. ఆ వేగంతో ఒకే దెబ్బ విడిగా వినిపిస్తే స్కానర్ పెట్టించి ఏ సిలిండర్‌దో చూడండి. పాతకాలం డీజిళ్లలో చేసినట్టు నడుస్తున్న ఇంజిన్‌కు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయడం ఇక్కడ ప్రాణాంతకం. వందల బార్ల ఒత్తిడిలో ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఫలానా ఆర్‌పీఎం దగ్గరే గరగరమని, కాస్త పెంచితే మాయమయ్యే చప్పుడు చాలాసార్లు సైలెన్సర్ పైపు మీది రేకుది. తుప్పు పట్టి ఒక బోల్టు దగ్గర ఊడితే, ఇంజిన్ కంపనం దాని సహజ కంపనంతో కలిసినప్పుడల్లా మోగుతుంది. పైపు చల్లారాక చేత్తో తట్టి చూస్తే దొరికిపోతుంది. ఓ స్టీలు క్లాంపుతో బిగిస్తే చాలు. రేకే పీకి పారేయమని చెప్పేవాళ్లుంటారు. వినకండి. పైనున్న ఫ్లోరు కార్పెట్టుకు, పక్కన పోయే పైపులకు వేడి తగలకుండా అడ్డున్నది అదొక్కటే.