లివర్ స్కాన్ బిల్లు బీమాలో వస్తుందా?

ఫ్యాటీ లివర్ అనుమానంతో డాక్టర్ ఫైబ్రోస్కాన్ రాశారా? కాలేయం ఎంత గట్టిపడిందో, కొవ్వు ఎంత చేరిందో చెప్పే పరీక్ష ఇది. మామూలు అల్ట్రాసౌండ్ కన్నా ఖర్చెక్కువ. సెంటర్‌ను బట్టి రేటు మారుతుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పాలసీలో ఓపీడీ కవర్ లేకపోతే ఈ బిల్లు సాధారణంగా మీ జేబులోంచే కట్టాలి. ‘ఒక్కరోజు అడ్మిట్ అయితే క్లెయిమ్ వచ్చేస్తుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కేవలం పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వబోమని పాలసీ మినహాయింపుల్లో రాసి ఉంటుంది. అడ్మిషన్ ఖర్చు కూడా మీ మీదే పడుతుంది.

అలాగని బిల్లు పారేయొద్దు. తర్వాత అదే జబ్బుకు ఆస్పత్రిలో చేరి, ఆ క్లెయిమ్ మంజూరైతే, అంతకుముందు చేయించిన స్కాన్ ఖర్చూ అడగొచ్చు. ఆరోగ్య సంజీవని పాలసీలో ఈ గడువు 30 రోజులు, కొన్ని పాలసీల్లో 60. డాక్టర్ చీటీ, రిపోర్టు, బిల్లు ఒరిజినల్స్ ఒకేచోట పెట్టుకోండి.